అంకమ్మరావుకి మూడో ఏడు

టీముని ముంచింది అంకమ్మరావు కాదు. మీరు. స్కూలు వరండాలో కుర్చీలు వేయించుకుని, హాకీ క్లబ్బు కమిటీ అని పేరు పెట్టుకుని కూర్చున్న పెద్దమనుషులు మీరు. ప్రెసిడెంటు గురునాథం గారూ, ఈ మాట ముందు మీకే. ఆ తరవాత మీతో పాటు చెయ్యెత్తిన ప్రతివాడికీ. టీముని కొత్తగా కట్టడానికి మూడేళ్లు గడువిస్తామని నలుగురి ముందూ మాటిచ్చారు. రెండో ఏడు దాటగానే మేనేజర్ని పీకేశారు. పీకేసి, టీలు తాగి, ఇళ్లకు పోయారు.

ఆ కమిటీలో నేనూ మెంబర్నే. మొన్న ఆదివారం జరిగింది చూశాను, అంతకుముందు రెండేళ్లు జరిగిందీ చూశాను. ఊళ్లో తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు గనక జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఓపిక లేకపోయినా రాస్తున్నాను. ఈ ఊళ్లో ఒక మాట మీద మూడేళ్లు నిలబడమని అడగడమంత అలుపు పని ఇంకోటి లేదు.

మా ఊరు సత్తెనపల్లి దగ్గర. చుట్టూ నల్లరేగడి, పత్తి, మిరప. వాన పడితే ఆ నేల కాళ్ల చెప్పులు లాక్కుంటుంది, ఎండ ముదిరితే నెర్రెలిస్తుంది. ఇలాంటి చోట హాకీ ఏమిటని బయటివాళ్లు నవ్వుతారు. వెనకటికి మిలిటరీలో చేసి వచ్చిన హవల్దారు ఒకాయన స్కూలు పక్క జాగాలో ఎర్రగరుసు తోలించి, నీళ్లు కొట్టించి, రోలరు లాగించి గ్రౌండు చేశాడు. కుర్రాళ్ల చేతికి కర్రలిచ్చాడు. ఆయన పోయాడు, ఆట నిలబడింది. మా పాత టీము చాలాకాలం జిల్లాలో ఎవరికీ లొంగలేదు. సెంటర్ ఫార్వర్డ్ త్రినాథ్ ఆడుతున్నాడంటే చీరాల్లో జనం పనులు మానుకుని వచ్చేవాళ్లు. ఈ త్రినాథ్ గురునాథం గారి బావమరిది.

ఎంతటివాడికైనా వయసొస్తుంది. తొంభైతొమ్మిది శివరాత్రికి చీరాల టోర్నమెంటులో కాలేజీ కుర్రాళ్లు మావాళ్లని పరిగెత్తించి పరిగెత్తించి వదిలారు. సగం ఆటలో త్రినాథ్ మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. తిరిగొచ్చాక గురునాథం గారే అన్నారు.

"ముసలెద్దుల్తో దుక్కి కాదయ్యా. టీముని మొదట్నించీ కట్టాలి. అంకమ్మరావు చూసుకుంటాడు."

అంకమ్మరావు పాత టీములో లెఫ్ట్ హాఫ్. ఎంత ఆడినా పేరు రాని చోటు అది. నాలుగెకరాల మిరప, తక్కువ మాట, ఎక్కువ మొండితనం. మేనేజరు పని ఒప్పుకునే ముందు ఒక్కటే అడిగాడు.

"మూడేళ్లు కావాలండి. మొదటి రెండేళ్లు షీల్డు సంగతి అడగొద్దు. మూడో ఏడు అడగండి. తేకపోతే మెడబట్టి గెంటండి."

"అట్టాగే పోవయ్యా" అన్నారు అందరూ. అప్పుడెవరికీ అభ్యంతరం లేదు. ఇచ్చేది మాటే గదా, పొలం కాదు.

అంకమ్మరావు పాతవాళ్లని ఒక్కొక్కణ్ణే పక్కన పెట్టాడు. కర్రల మూట భుజాన వేసుకుని వీధులు తిరిగాడు. ఊరవతల పాలెం నుంచి ఆదాంని తెచ్చాడు. ఆదాం అప్పటికి పత్తి చేలల్లో మందు కొట్టే పనికి పోతుండేవాడు. బరువైన ట్యాంకు వీపున మోసి మోసి వాడి నడుము రాయి అయింది. వాణ్ణి సెంటర్ హాఫ్ చేశాడు. సాయిబుల వీధి నుంచి ఇద్దర్నీ, హైస్కూలు నుంచి నలుగుర్నీ పట్టుకొచ్చాడు. పాలెం పిల్లలూ ఊరి పిల్లలూ ఒకే బిందెలో నీళ్లు తాగాలని చెప్పి, బిందె తనింటి నుంచే పంపాడు. దాని మీద ఊళ్లో చాలా సణుగుడు నడిచింది. ఎవరూ పైకి అనలేదు. అనాల్సింది మొన్న మీటింగులో అన్నారు, వేరే మాటల్లో.

త్రినాథ్‌ని తీసేసిన రోజు నేను గ్రౌండులోనే ఉన్నాను.

"ఏరా అంకమ్మా, నన్నే పక్కన పెడతావంట్రా?"

"నేను కాదురా. నీ మోకాలు పెట్టింది."

"మోకాలు నాది. దానికి లేని తొందర నీకేందిరా?"

"వచ్చే ఏడు కూడా నువ్వే ఆడితే, ఆ పైయేడు ఆడేవాడు ఎక్కణ్ణుంచి వస్తాడు? కొట్లో కొనుక్కొస్తామా?"

త్రినాథ్ కర్ర విసిరేసి పోయాడు. ఆ కర్రని అంకమ్మరావే తీసి, తుడిచి, మూటలో పెట్టాడు.

మొదటి ఏడు చీరాల్లో చావుదెబ్బ తిన్నాం. మావాళ్లకి బంతి ఎటునించి వస్తుందో తెలియలేదు, ఎటు కొట్టాలో తెలియలేదు. అరడజను గోల్సు. వచ్చేటప్పుడు బస్సులో నరసరావుపేట మనిషి ఒకాయన, "ఏందయ్యా, గోతాలు తెచ్చుకున్నారా, ఇన్ని గోల్సు ఎట్టా మోసుకెళ్తన్నారు?" అన్నాడు. బస్సంతా నవ్వింది. అంకమ్మరావు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. దిగేదాకా పిల్లలతో ఒక్క మాట మాట్లాడలేదు. అది ఆయన తప్పు. ఓడిన పిల్లలకి ఒక మాట కావాలి. ఆ మాట ఆయన దగ్గర ఎప్పుడూ లేదు.

ఇంకో తప్పు కూడా ఉంది, దాయను. పాత గోల్‌కీపరు బుడాన్‌ని తీసేయాల్సింది కాదు. బుడాన్ ట్రాక్టర్లు బాగుచేస్తాడు, ఇప్పటికీ మనిషి గట్టివాడు. గోల్ కీపరుకి కాళ్లకన్నా కళ్లు ముఖ్యం. ఇంకో రెండేళ్లు ఉంచి, కొత్తవాడికి నేర్పించమని నేను చెప్పాను. అంకమ్మరావు వినలేదు. "పాతవాడు ఉన్నంతకాలం కొత్తవాడు వాడి వెనక దాక్కుంటాడు" అన్నాడు. బుడాన్ ప్యాడ్లు తెచ్చి ఇచ్చేసి, మళ్లీ గ్రౌండు మొహం చూడలేదు. ఒక మనిషిని తీసేసే పద్ధతి అది కాదు.

రెండో ఏడు పిల్లలు కుదురుకున్నారు. వానాకాలంలో గ్రౌండు ఆరగానే మొదలుపెట్టి సంక్రాంతి దాకా రోజూ ఆడారు. ఆదాం మధ్యలో నిలబడితే బంతి వాణ్ణి దాటి పోయేది కాదు. త్రినాథ్ సైకిలు మీద పోతూ పోతూ గోడ పక్కన ఆగి చూసేవాడు. ఎవరన్నా గమనిస్తే వెళ్లిపోయేవాడు.

ఇక్కడ గ్రౌండు సంగతి చెప్పాలి. సంక్రాంతి పోగానే మిరప కోతలు ముమ్మరమవుతాయి. కోసిన కాయ ఆరాలి. రేగడి నేల మీద పోస్తే మట్టి అంటుకుంటుంది, అడుగు కాయ చెడిపోతుంది. గట్టిగా, చదునుగా, ఎర్రగరుసుతో ఉన్న నేల ఊరంతటికీ ఒక్కటే, ఆ గ్రౌండు. హవల్దారు పోయినప్పటి నుంచీ ఏటా సంక్రాంతి తరవాత మూడు నెలలు అది కల్లం. రైతులు వాటాలు వేసుకుంటారు. నీడపడని తూర్పు గోల్ వైపు గురునాథం గారికి. మిగతాది మిగతావాళ్లకి. ఒక గోల్ నుంచి ఇంకో గోల్ దాకా ఎర్రగా కాయలే. మధ్యలో ఆడవాళ్లు కూర్చుని తాలు కాయలు ఏరుతుంటారు.

ఇది తప్పని ఊళ్లో ఎవరికీ ఎప్పుడూ తోచలేదు. ఎందుకు తోచలేదో చెప్తాను. పాత టీముకి ఆ మూడు నెలలూ ప్రాక్టీసు అక్కర్లేదు. ఏళ్ల తరబడి కలిసి ఆడినవాళ్లు. కల్లం సర్దుకుని, చేతులు కడుక్కుని, చీరాల పోయి గెలిచొచ్చేవాళ్లు. అందుకని ఆచారమై కూర్చుంది. నిన్నగాక మొన్న కర్ర పట్టిన పిల్లలకి అదే ఆచారం గొంతు మీద కాలు. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా నెలన్నర ఆట మాన్పించి, ఆ వెంటనే బస్సెక్కించి, షీల్డు తెమ్మన్నాం మనం.

అంకమ్మరావు శివరాత్రికి నాలుగు రోజుల ముందే పిల్లల్ని తీసుకుని చీరాల పక్కన సముద్రం ఒడ్డునున్న వాడరేవు పోయాడు. నేనూ వెళ్లాను. ఒక రేకుల షెడ్డులో పడుకున్నాం, పక్కనే చేపలు ఎండబెట్టేవాళ్లు. తెల్లారగానే అల వెనక్కి పోయిన చోట తడి ఇసక గట్టిగా ఉంటుంది. అక్కడ రెండు చెప్పులు ఒక గోల్, రెండు చొక్కాలు ఇంకో గోల్. చేపలావిడ ఒకామె బుట్ట దించుకుని నవ్వింది.

"ఏందయ్యో, వల దొరక్క కర్రల్తో వేటాడతన్నారా?"

"చేప పడితే నీకే ఇస్తాంలే అమ్మా" అన్నాడు ఆదాం.

"నువ్వు పట్టే చేపకి పులుసు కూడా దండగేరా నాయనా."

బంతి సముద్రంలోకి పోయినప్పుడల్లా ఎవడో ఒకడు బట్టలతోనే దూకేవాడు. పిల్లలు నవ్వుతున్నారు. అంకమ్మరావు పంచె పైకి కట్టి, నీళ్లలో నిలబడి, బంతి వదలొద్దని అరుస్తున్నాడు. ఆ రెండేళ్లలో ఆయన గొంతు అంత పైకి లేవగా నేను వినడం అదొక్కసారే.

"ఇంత దూరం రావడమెందుకయ్యా" అన్నాను నేను. "గ్రౌండు ఖాళీ చెయ్యమని కమిటీలో అడగొచ్చు గదా."

ఆయన తడిసిన పంచె అంచు పిండుకున్నాడు.

"ఎవర్నని అడగను? మా ఆవిడ కాయలు కూడా అక్కడే ఉండె. ముందు నీవి తియ్యి అంటారు. తీసి ఎక్కడ పొయ్యను?"

అంతే అన్నాడు. అడగాల్సింది. అడగకపోవడం ఆయన మూడో తప్పు. అదొక్క తప్పు మాత్రం ఊరందరిదీ.

చీరాల్లో ఈసారి గుంటూరు టీముతో ఒక్క గోలు తేడాతో ఓడిపోయాం. ఆ గుంటూరు టీమే తరవాత షీల్డు గెలిచింది. ఆట చివర్లో మా కొత్త గోల్‌కీపరు తొందరపడి ముందుకు ఉరికాడు, వాళ్లవాడు పక్కనుంచి బంతిని గోల్లోకి తోసేశాడు. బుడాన్ అయితే కదిలేవాడు కాదు. అది నిజం. కానీ అంతకుముందంతా ఆదాం ఆ గుంటూరువాళ్లని మా గోల్ ముందున్న డీ గీత దగ్గరికే రానివ్వలేదు, అదీ నిజమే. ఆట అయ్యాక గుంటూరు కోచ్ వచ్చి, "ఈ టీము వచ్చే ఏడు మాకు కష్టం" అన్నాడు. అంకమ్మరావు తలూపాడు. ఆ మాట కమిటీకి చెప్పమన్నాను. "వచ్చే ఏడు చూస్తారుగా" అన్నాడు.

వచ్చే ఏడు దాకా ఆగేవాళ్లెవరు?

ఆదివారం మధ్యాహ్నం వరండాలో మీటింగు. ఎదురుగా గ్రౌండులో కాయలు ఇంకా పరిచే ఉన్నాయి, కొన్ని గోతాలకెత్తుతున్నారు. ఘాటు గాలిలో తేలి వరండాలోకి వస్తోంది. గురునాథం గారు లేచి గొంతు సవరించుకున్నారు, తుమ్మారు, మళ్లీ సవరించుకున్నారు. అంకమ్మరావు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. కుర్చీ ఎవరూ చూపించలేదు. పిల్లలు మెట్ల కింద నిలబడ్డారు.

"రెండేళ్లు చూశాం" అన్నారు గురునాథం గారు. ఆయనకి సత్తెనపల్లిలో పురుగుమందుల కొట్టు ఉంది. "పురుగు చావకపోతే ఏం చేస్తాం? మందు మారుస్తాం. ఇందులో కోపతాపాలేం లేవు. ఒకటి, రెండేళ్లలో ఒక్క షీల్డు లేదు. రెండు, బంగారంలాంటి ప్లేయర్లని తీసేశాడు. మూడు, ఎక్కడెక్కడి వాళ్లనో తెచ్చి ఊరి టీము అన్నాడు. నాలుగు…" తుమ్మారు. "నాలుగు, చందాలిచ్చిన డబ్బుతో పిల్లల్ని బీచికి షికారు తిప్పాడు."

"షికారు కాదండీ" అన్నాడు ఆదాం కింద నుంచి.

"నిన్నడగలేదురా అబ్బాయ్."

నేను లేచాను. "తొంభైయేడులో పత్తికి పచ్చపురుగు పట్టిన సంగతి గుర్తుందా ప్రెసిడెంటు గారూ? వారానికొక మందు మార్చాం. నాలుగు డబ్బాలు కలిపి కొట్టాం. పురుగు చావలేదు, చెట్టు మాడింది. ఏ మందు పనిచేసిందో ఏది చెయ్యలేదో చివరికి మీకూ తెలీదు, మాకూ తెలీదు. ఒక్కదాన్నీ పూర్తిగా చూసింది లేదు. టీముని కూడా…"

"నువ్వు ఊరుకో శశిభూషణ్. ఇది కూలిరేట్ల మీటింగు కాదు."

కూలీల రేట్ల కోసం నేను మీటింగులు పెడుతుంటానని ఆ ఎత్తిపొడుపు. నలుగురు నవ్వారు. నేను కూర్చోలేదు గానీ, ఆ నవ్వుల మీద ఇంకో మాట నిలవలేదు. మొదటేడు ఎలా ఓడామో రెండో ఏడు ఎలా ఓడామో చూడండి అన్నాను. కొత్తగా కడుతున్న టీముని లెక్కకట్టాల్సింది షీల్డుతో కాదు, నిరుడు చెయ్యలేనిది ఈయేడు చేసిందా లేదా అని అన్నాను. వెనక నుంచి ఎవరో, "ఓటమికి కూడా మార్కులేస్తావేందయ్యా?" అన్నారు. మళ్లీ నవ్వు.

"నువ్వేమంటావు అంకమ్మరావూ?" అన్నారు గురునాథం గారు, చేతి రుమాలుతో ముక్కు తుడుచుకుంటూ.

"నేనేమంటానండీ. మూడో ఏడు చూడండి అన్నాను. మీరు సరేనన్నారు. అదే ఇప్పుడూ అంటన్నా."

"బీచి సంగతి?"

ఆయన గ్రౌండు వంక చూశాడు. చెబుతాడేమో అనుకున్నాను. చెప్పలేదు. గ్రౌండులో ఆయన భార్య సుబ్బరావమ్మ కాయల్ని తిరగేస్తూ ఉంది. ఆ వంగిన నడుము చూశాక ఆయన నోరు లేవలేదు.

ఆ మాట చెప్పింది ఎవరో తెలుసా? త్రినాథ్. అంకమ్మరావు పోతుంటే చూసి సంబరపడదామని ముందు వరస కుర్చీలో కూర్చున్న త్రినాథ్.

"బీచికి పోక ఏం చేస్తాడు బావా?" అన్నాడు. "గ్రౌండు మీద నీ కాయలుండె. నావీ ఉండె. పిల్లలు ఏడ ఆడాలి, నీ కొట్లో ఆడాలా?"

గురునాథం గారు బావమరిది వంక చూశారు.

"ఏందిరా నువ్వు మాట్లాడేది? మేనేజరువి నువ్వేనని నేను చెప్పబోతంటే?"

"చెప్పు. అవుతా. కానీ అబద్ధం ఎందుకంట? నిరుడు నేను సైకిలాపి చూశా. ఆ పాలెం కుర్రాడు, ఆదాంగాడు, వాణ్ణి దాటాలంటే నా మోకాలు బాగున్న రోజుల్లో కూడా నాకు చేతనయ్యేది కాదు. అయ్యేదని ఎవడన్నా అన్నాడంటే వాడు ఆదాంగాడి ఆట చూడనట్టే."

గ్రౌండులో తాలు కాయలు ఏరుతున్న ఆదాం తల్లి ఎలీసమ్మ లేచి నిలబడింది. "విన్నారా అయ్యా! మావాడి పేరు త్రినాథ్ బాబు నోట వచ్చింది. ఇంక మీ కాయలు ఎండకపోయినా నాకు దిగుల్లేదు" అంది గట్టిగా. ఆడవాళ్లు నవ్వారు. గురునాథం గారు నవ్వలేదు.

"సరే, మాటలు చాలు. చేతులెత్తండి" అన్నారు. "అంకమ్మరావుని తీసేసి త్రినాథ్‌ని పెట్టాలనేవాళ్లు. వచ్చే టోర్నమెంటుకి గుంటూరు నుంచి, బాపట్ల నుంచి నలుగురైదుగురు ప్లేయర్లని మాట్లాడుకొస్తాం. షీల్డు ఈ ఊరికి రావాలి, అంతే."

చేతులు లేచాయి. త్రినాథ్ చెయ్యి కూడా లేచింది. అంకమ్మరావు అతని వంక చూశాడు.

"ఏరా, ఇప్పుడే గదా చెప్పావు."

"చెప్పాను. నిజం చెప్పాను. చెయ్యి మాత్రం మా బావ వైపే ఎత్తుతారా. అక్క ఆ ఇంట్లో ఉంది." అతని మొహంలో సంబరం ఏమీ లేదు. మోకాలు నొప్పి పెట్టినప్పుడు ఎలా ఉంటాడో అలా ఉన్నాడు.

పిల్లల్ని చెయ్యెత్తనివ్వలేదు. వాళ్లు కమిటీ కాదుట. ఆడేది వాళ్లు, ఓడేది వాళ్లు, బస్సులో నవ్వులపాలయ్యేది వాళ్లు. వాళ్ల మేనేజరు బాగా చేశాడో లేదో చెప్పేది మాత్రం ఏళ్ల తరబడి కర్ర ముట్టనివాళ్లు.

అంకమ్మరావు జేబులోంచి కర్రల గది తాళంచెవి తీసి బల్ల మీద, కొత్త మేనేజరు త్రినాథ్ ముందు పెట్టాడు. మెట్లు దిగాడు. ఆదాం ఎదురొచ్చాడు.

"అన్నా, నేను వచ్చే సోమారం చీమకుర్తి పోతన్నా. మా మేనమామ గ్రానైట్ క్వారీలో ఉన్నాడు, రమ్మంటన్నాడు. బయటి ప్లేయర్లు వస్తే మేం గోడ పక్కన చప్పట్లు కొట్టాల్సిందేగా."

అంకమ్మరావు వాడి భుజం మీద చెయ్యి వేశాడు. ఏదో అనబోయి అనలేదు. ఆ మాట ఆయన దగ్గర ఎప్పుడూ లేదని చెప్పాను గదా. ఈసారి లేకపోవడం నాకు భరించరానిదిగా అనిపించింది.

మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. ఆయన పొలానికి పోయాడు. సుబ్బరావమ్మ వాకిట్లో ఒంటరిగా గోతాలు కుడుతోంది.

"రా అన్నయ్యా. మీ హాకీ అయిపోయిందిగా, ఇప్పుడన్నా మనిషి ఇంటిపట్టున ఉంటాడు."

"నీకు సంతోషంగా ఉందామ్మా?"

"ఎందుకుంటది? రెండేళ్లు నాతో మాట్లాడని మాటలన్నీ ఆ పిల్లల గురించి మాట్లాడాడు. ఆదాం ఇట్టా తిప్పాడు, ఆ సాయిబుల పిల్లోడు అట్టా ఉరికాడు… అన్నం తింటా అదే. విసుగుపుట్టేది. నిన్నణ్ణించి అదీ లేదు." సూది ఆపింది. "గ్రౌండు సంగతి నాతో ఒక్క మాట అన్నాడా? అనలేదు. త్రినాథ్ అంటేగాని నాకూ తెలీలేదు, నా కాయలు అడ్డమని. నేనేమన్నా పరాయిదాన్నా?"

"ఇప్పుడు తెలిసిందిగా."

"తెలిసింది. అందుకే పొద్దున్నే ఎత్తించా. పొలం గట్టు మీద పట్టా వేసి పోశాం. కాస్త మట్టి అంటుకుంటది, రేటు కాస్త తగ్గుతది. తగ్గనీ. మా వాటా ఖాళీ అని మీ పెద్దమనుషులకి చెప్పు."

వస్తూ గ్రౌండు చూశాను. నిజమే. ఎర్రటి కాయల మధ్య ఒక ముక్క ఖాళీగా ఉంది, పడమటి గోల్ పక్కన. సాయిబుల పిల్లలిద్దరు అక్కడ బంతిని అటూ ఇటూ తోసుకుంటున్నారు. రెండడుగులు వేస్తే గురునాథం గారి పాలేరు కేకలేస్తున్నాడు, కాయల మీదికి రావద్దని.

ఇదీ జరిగింది. ఇక చెయ్యాల్సింది వినండి.

శనివారం సాయంత్రానికి మళ్లీ మీటింగు పెట్టండి. కుదరదనడానికి వీల్లేదు. సోమవారం పొద్దున్నే చీమకుర్తి బస్సు ఉంది. ఆదాం ఎక్కాడంటే మళ్లీ తిరిగిరాడు, రాళ్లు కొట్టేచోట కర్ర పట్టుకునే తీరిక ఎవరికీ ఉండదు. ఈసారి టీములో ఆడే ప్రతి కుర్రాడికీ చెయ్యెత్తే హక్కు ఇవ్వండి. మేనేజరు ఎలా చేశాడో ముందు వాళ్లని అడగండి, తరవాత మీరు చెప్పండి.

అంకమ్మరావుకి కుర్చీ వేయండి. ఆయన తప్పులు మొహం మీద చెప్పండి, నేనూ చెప్తాను. అంకమ్మరావూ, నువ్వు కూడా విను. బుడాన్ ఇంటికి నువ్వే నడిచి వెళ్లు. తీసేసిన పద్ధతి తప్పని చెప్పి, కొత్త గోల్‌కీపరుకి నేర్పమని అడుగు. పిల్లలతో మాట్లాడటం నేర్చుకో. ఆదాంకి చెప్పాల్సిన మాట శనివారం లోపు చెప్పు.

త్రినాథ్, నీకు తాళంచెవి వద్దు. అది నీకూ తెలుసు. ఇచ్చేయ్.

గురునాథం గారూ, తూర్పు గోల్ వైపు మీ కాయలు ఈ వారంలోనే ఎత్తించండి. బయటినుంచి ప్లేయర్లని తేవడానికి పెట్టే ఖర్చులో సగంతో ఊరికి వేరే కల్లం చేయించొచ్చు. వచ్చే సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా ఆ గ్రౌండులో ఒక్క కాయ పొయ్యడానికి వీల్లేదని తీర్మానం రాయండి, అందరం సంతకాలు పెడదాం.

ఆ తరవాత వచ్చే శివరాత్రికి చీరాల పోదాం. అక్కడ కూడా ఓడితే అంకమ్మరావుని తీసెయ్యండి, ముందు నా చెయ్యే లేస్తుంది. కానీ ఆ మూడో ఏడు ఆయనకి బాకీ. ముందది ఇవ్వండి. శనివారం సాయంత్రం, వరండాలో, పిల్లల ముందు ఇవ్వండి.